సవరణ: సైరన్ మోటారు గురించి
మా జిన్నింగ్ మిల్లు పాత ఫైర్ సైరన్‌కి హెచ్‌పీ (మోటారు శక్తి) సరిపోతే ఏ మోటారైనా పెట్టొచ్చని మొన్న రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. ఆర్‌పీఎం, అంటే మోటారు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య కూడా కలవాలి. రీవైండింగ్ మేస్త్రీ గారు నేమ్‌ప్లేటు మీద మసి తుడిచి చూపిస్తే 2880 అని ఉంది. నేను చెప్పిన 1440 మోటారు బిగిస్తే రోటరు (సైరన్‌లో గాలిని కోసే రంధ్రాల చక్రం) సగం వేగంతోనే తిరిగి, పది రంధ్రాలున్న మా సైరన్ కూత 480 హెర్ట్జ్‌కి (సెకనుకు 48 చుట్లు × 10 రంధ్రాలు) బదులు 240 దగ్గరే ఆగిపోతుంది, గాలి కూడా తగ్గి కూత గోడౌన్ల చివరిదాకా వినపడదు, పత్తి మధ్య పనిచేసేవాళ్లకు అదెంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మోటారులో అరిగేవి కార్బన్ బ్రష్‌లని (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు), వాటిని వెతకమని కూడా మొన్న అన్నాను కదా, మాది త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు, దానికి అసలు బ్రష్‌లే ఉండవు. అరిగింది బేరింగులు. మా వాటి అంచు మీద 6204 అని ఉంది, మీవాటి మీద ఏ నంబరుంటే అదే షాపులో అడగండి.