మహారాజశ్రీ తొమ్మిది వందల పేజీల నవల గారికి

మహారాజశ్రీ ఫాంటసీ బృహన్నవల గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు నా గుండెల మీద కూర్చుని చాలా రాత్రులు నిద్ర పోనివ్వలేదు. కొన్ని రాత్రులు కథ వల్ల, మిగతావి బరువు వల్ల.

ముందుగా ఫిర్యాదులు. తమ కథ అరవయ్యో పేజీలో గానీ మొదలు కాదు. అంతవరకూ ఒక పటం, ఒక వంశవృక్షం, ఒక జోస్యం, ఆ జోస్యానికి ఒక సన్యాసి వ్యాఖ్యానం. వంశవృక్షంలో ఏడుగురు రాజులు, ఏడుగురి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఎవరు ఎవరికి విషం పెట్టించారో తేల్చుకోవడానికి మాటిమాటికీ వెనక్కి తిప్పితే ఆ పేజీ కాస్తా ఊడి చేతికి వచ్చింది. పటంలో మంచుకొండల అవతల ఒక ఎడారి ఉంది. అటు ఎవరూ వెళ్లరు, అటునుంచి ఎవరూ రారు, కనీసం ఎవరూ దాని ఊసైనా ఎత్తరు.

పట్టాభిషేకం ముందు రాత్రి విందుకు పదకొండు పేజీలు కేటాయించారు. ఆ విందులోనే జరిగిన రాజుగారి హత్యకు ఒకటిన్నర పేరా. ఆయన పోయారన్న సంగతి రెండు అధ్యాయాల తర్వాత గానీ నాకు తెలియలేదు. ఇక తమ మాయాశాస్త్రం. ఒక్కో మంత్రానికి ఒక్కో ఏడాది ఆయుష్షు ఖర్చవుతుందని మొదట్లో భయపెట్టారు. చివరి యుద్ధంలో కథానాయకుడు ఎడాపెడా మంత్రాలు కురిపించాడు, ఒక్క వెంట్రుకైనా నెరవలేదు.

ఇందులో తమ తప్పేమీ లేదు. తమను కన్నవారు నలభై ఏళ్లుగా రాస్తున్న పెద్ద రచయిత. అంతటివారి దగ్గరకు వెళ్లి 'ఇక్కడ కాస్త తగ్గిద్దామండీ' అనే సంపాదకుడు ఎక్కడుంటాడు? తమ కులపెద్దలకు కూడా కత్తెర పడింది డబ్బు లెక్కల దగ్గరే. టోల్కీన్ ఒకే పుస్తకంగా రావాలనుకున్న ఉంగరాల కథ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చిందంటే, యుద్ధం తర్వాత కాగితానికి వచ్చిన ఇబ్బందే ముఖ్య కారణం. స్టీఫెన్ కింగ్ నవల 'ది స్టాండ్'ను 1978లో అచ్చు వేసేటప్పుడు ఖర్చుకు జడిసి దాదాపు 400 పేజీలు తీయించారు. 1990 నాటికి ఆయన పేరే పెట్టుబడి. తీసేసిన పేజీల్లో చాలా భాగం దర్జాగా తిరిగొచ్చి కూర్చుంది.

ఇంత తిట్టినవాణ్ణి తమరిని చివరి పేజీ దాకా ఎందుకు చదివానంటారా? పడవవాడి కోసం.

సగం దాటాక, రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ సమయాన, తమరు కథను అలా వదిలేసి రేవులో ఒక ముసలి పడవవాడి పక్కన చతికిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది. అతను రానూపోనూ కూలి ముందే తీసుకుంటాడు. తిరుగు ప్రయాణం నాణేలను వేరే కుండలో వేస్తాడు, ఆ పని అయ్యేదాకా అది తన సొమ్ము కాదని అతని లెక్క. యుద్ధం ముగిసింది. కుండ నిండుగానే ఉండిపోయింది. కొన్నాళ్లకు ఒక తల్లి అవతలి ఒడ్డుకు వెళ్లాలని వచ్చి కొంగుముడి విప్పబోతే, 'మీ అబ్బాయి ఇచ్చాడమ్మా' అని పడవ తాడు విప్పుతాడు. అంతే, మళ్లీ అతను కనిపించడు.

ఆ అధ్యాయానికీ సింహాసనానికీ సంబంధం లేదు. కొత్త రచయిత రాసి ఉంటే ముందు ఎగిరిపోయేది అదే. నోరున్న సంపాదకుడు దొరికితే ఆ విందుతోపాటు ఈ రేవు కూడా పోయేదేమో! అందుకే విందు పదకొండు పేజీలనూ క్షమించేశాను. ఎడారిని మాత్రం క్షమించలేదు.

తమ రెండో భాగం రాబోతోందని విన్నాను. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఫాంటసీ నవలామాల 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్'లో ఐదో సంపుటం 2011లో వచ్చింది. ఆరోదాని కోసం పాఠకులు ఇంకా దారి కాస్తూనే ఉన్నారు. తమరు అంత పని చేయరని ఆశిస్తూ,

ఇట్లు,
తమ బరువు మోసిన పాఠకుడు

తా.క.: పదహారో అధ్యాయంలో తల తెగిపడ్డ సేనాపతి నలభై మూడో అధ్యాయంలో నిండు సభలో కూర్చుని దగ్గుతున్నారు. ఇది మాయ కాదు, మరుపేనని నా అనుమానం. మలి ముద్రణలోనైనా వారికి సద్గతులు కల్పించగలరు.