పీసీ గేముకి తాళం ఎన్నాళ్లు?

2024 ఆగస్టు 20న విడుదలైన 'బ్లాక్ మిత్: వుకాంగ్' పీసీ, ప్లేస్టేషన్ 5 కలిపి మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయింది. ఒక దశలో పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లోనే ఏకకాలంలో 24 లక్షల మందికి పైగా ఆ గేమ్ ఆడుతున్నారు. ఎవరికి వారు ఒంటరిగా ఆడుకునే గేముకి అంత జనం రావడం స్టీమ్‌లో అంతకుముందు లేదు. ఈ గేముకి డెనువో రక్షణ ఉంది, అంటే డబ్బు కట్టకుండా కాపీ చేసుకుని ఆడనివ్వని తాళం. ఇలాంటి అంకెలు వచ్చినప్పుడల్లా పరిశ్రమ వైపు నుంచి వినిపించే మాట ఒకటుంది: క్రాక్ (తాళం బద్దలుకొట్టిన కాపీ) దొరకలేదు గనకే జనం డబ్బు పెట్టి కొన్నారు అని.

తాళం అక్కర్లేదనే అవతలి వర్గం దగ్గరా అంకెలున్నాయి. 'కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2' 2025 ఫిబ్రవరి 4న వచ్చింది. డీఆర్‌ఎం, అంటే ఇలాంటి కాపీ రక్షణ ఏదీ పెట్టడం లేదని దాన్ని తయారుచేసిన వార్‌హార్స్ స్టూడియో ముందే చెప్పింది. ఒక్క రోజులో పది లక్షలు, రెండు వారాలు నిండకుండానే ఇరవై లక్షల కాపీలు అమ్మింది. 2023 ఆగస్టులో 'బాల్డర్స్ గేట్ 3' జీఓజీ స్టోర్‌లో ఏ రక్షణా లేకుండా మొదటి రోజు నుంచే దొరికింది. ఫైలు కాపీ చేసుకుంటే చాలు, క్రాక్ చేయాల్సిన పని కూడా లేదు. అయినా స్టీమ్‌లో ఒకేసారి 8 లక్షల 75 వేల మంది ఆడారు. 'సైబర్‌పంక్ 2077' సంగతి అందరికీ తెలిసిందే. బగ్గులు, రిఫండ్ల గొడవ మధ్య కూడా 2020 డిసెంబరు 10 నుంచి 20 లోపు కోటి ముప్పై లక్షల కాపీలు పోయాయి. పీసీలో దానికీ తాళం లేదు. మరి తాళం అవసరం ఎక్కడుంది అని వీళ్లు అడుగుతారు.

నా దృష్టిలో రెండు వర్గాలూ చేస్తున్నది ఒకే పొరపాటు. మొదటి వారం అమ్మకాల మొత్తం చూసి దాని వెనకున్న కారణాన్ని చదవాలనుకుంటున్నారు. వుకాంగ్ తొలి వీడియో 2020లో వచ్చింది. నాలుగేళ్లపాటు జనం ఎదురుచూశారు. చైనాలో అదొక జాతీయ ఉత్సాహంగా మారింది. ఆ గేముకి డెనువో లేకపోతే ఆ కోటి కాస్తా తొంభై లక్షలు అయ్యేదో, ఎనభై లక్షలకు పడిపోయేదో విడుదల అంకె చెప్పదు. బాల్డర్స్ గేట్‌కి తాళం వేసి ఉంటే ఇంకా ఎక్కువ అమ్ముడయ్యేదా అన్నదీ అంతే. ఒకే గేముని తాళంతో ఒకసారి, తాళం లేకుండా ఒకసారి విడుదల చేసి చూడలేం కదా.

అసలు విడుదల అమ్మకాలు కొన్నవాళ్ల సంతృప్తిని కూడా కొలవవు. ఆడకముందే పుట్టిన ఆశను మాత్రమే కొలుస్తాయి. 2012 మేలో 'డయాబ్లో 3' ఇరవై నాలుగు గంటల్లో 35 లక్షల కాపీలు అమ్మి అప్పటికి పీసీ రికార్డు కొట్టింది. నిరంతరం ఇంటర్నెట్ ఉండాలన్న షరతు వల్ల కొన్నవాళ్లలో చాలామంది ఆ మొదటి రోజు 'ఎర్రర్ 37' అన్న సందేశం చూస్తూ కూర్చున్నారు. మరుసటి ఏడాది 'సిమ్‌సిటీ' సర్వర్లు ఎంతగా కూలాయంటే అమెజాన్ ఆ గేము డిజిటల్ అమ్మకాన్నే కొంతకాలం ఆపేసింది. అంత జరిగినా రెండు వారాల్లో 11 లక్షల కాపీలు పోయాయి. సర్వర్ లేనిదే ఆ గేమ్ నడవదన్నారు. ఏడాది తిరిగాక ప్యాచ్‌తో ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చారు. ఈ మధ్య ఉదాహరణ కావాలంటే 2025 ఫిబ్రవరి చివర వచ్చిన 'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్' ఉంది. మూడు రోజుల్లో 80 లక్షలు. పీసీలో సరిగ్గా నడవడం లేదన్న ఫిర్యాదులు మొదటి రోజు నుంచే ఉన్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో అమ్మింది 4 లక్షల 77 వేలు. ఆ పతనానికి తాళమే కారణమని నేను అనను, కానీ మొదటి మూడు రోజుల అంకె చూపించి ఆ గేమ్ గురించి ఏం తేల్చగలం?

మరి తాళం వల్ల నిజంగా ఉపయోగం ఉందో లేదో తెలుసుకునే దారి లేదా? ఒకటుంది, కాస్త తెలివైనది. తాళం ఉన్న గేములనే తీసుకుని, అది ఎప్పుడు బద్దలైందో చూడటం. డెనువో వేసిన గేములు కొన్ని వారంలోనే క్రాక్ అయ్యాయి, కొన్ని నెలల తర్వాత, కొన్ని ఎప్పటికీ కాలేదు. ఆ తేదీ పబ్లిషర్ చేతిలో లేదు. నార్త్ కరోలినా యూనివర్సిటీకి చెందిన విలియం వోల్క్‌మన్ ఈ పని చేశాడు. 2014 సెప్టెంబరు నుంచి 2022 చివరి దాకా డెనువోతో స్టీమ్‌లోకి వచ్చిన 86 గేములను తీసుకున్నాడు. అసలు అమ్మకాల లెక్కలు పబ్లిషర్లు బయటపెట్టరు కాబట్టి, స్టీమ్ రివ్యూల సంఖ్య వంటి వాటి నుంచి ఆదాయాన్ని అంచనా కట్టాడు.

మొదటి వారంలోనే క్రాక్ వస్తే, క్రాక్ రాని పరిస్థితితో పోలిస్తే మొత్తం ఆదాయంలో సగటున 20 శాతం దాకా పోతుందని తేలింది. ఇది చిన్న మాట కాదు. పెద్ద గేములకు పెట్టే బడ్జెట్లతో చూస్తే లాభానికీ నష్టానికీ మధ్య తేడా అది. "పైరసీ చేసేవాడు ఎలాగూ కొనడు" అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగాలి. కొనేవాడు కొంటాడు, కొననివాడు కొనడు, నిజమే. కానీ ఫ్రీగా దొరికితే తీసుకుని, దొరక్కపోతే విసుక్కుంటూనే కొనే మధ్యరకం మనిషి కూడా ఉన్నాడు. వాళ్లే ఆ ఇరవై శాతం.

అదే అధ్యయనంలో రెండో సగం ఉంది. పరిశ్రమ దాన్ని అంత ఉత్సాహంగా చెప్పుకోదు. క్రాక్ ఆలస్యంగా వచ్చేకొద్దీ నష్టం కరిగిపోతుంది. పన్నెండు వారాలు దాటాక వస్తే ఆదాయంలో తేడా దాదాపు సున్నా. కారణం ఊహించడం కష్టం కాదు. పెద్ద గేముల సంపాదన మొదటి వారాల్లోనే పోగుపడుతుంది. ఆత్రం ఉన్నవాడు అప్పుడే కొనేస్తాడు, తర్వాత వచ్చేవాళ్లు డిస్కౌంట్ల కోసం కాచుకున్నవాళ్లు.

దీనికి ఎదురుగా యూరోపియన్ కమిషన్ చేయించిన అధ్యయనాన్ని చూపిస్తుంటారు. 2014లో అప్పగించిన ఆ పని, యూరోపియన్ పార్లమెంట్ సభ్యురాలు జూలియా రేడా పట్టుబట్టి అడిగితే గానీ 2017లో వెలుగులోకి రాలేదు. అక్రమ డౌన్‌లోడ్లు గేముల అమ్మకాలను దెబ్బతీస్తాయనడానికి గట్టి గణాంక ఆధారం దొరకలేదని అందులో ఉంది. కానీ అది కొత్తవీ పాతవీ అన్ని గేములనూ కలిపి సర్వేల మీద నడిచిన లెక్క. వోల్క్‌మన్ చూసింది కొత్త గేము మొదటి వారాలను. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మొత్తం మీద తేడా లేకపోయినా, విడుదలైన వారంలో తేడా ఉండొచ్చు.

డౌన్‌లోడ్ల సంఖ్యను నష్టంగా చూపించే అలవాటు గురించి కూడా ఓ మాట. 2013 ఏప్రిల్‌లో 'గేమ్ డెవ్ టైకూన్' తయారుచేసిన ఇద్దరు మనుషుల స్టూడియో, విడుదల రోజే తమ గేము క్రాక్ కాపీని తామే టొరెంట్‌లో (జనం ఫైళ్లు ఉచితంగా పంచుకునే చోట) పెట్టింది. ఆ కాపీలో ఆడేవాడు కట్టుకున్న గేము కంపెనీ చివరికి పైరసీ వల్ల దివాళా తీస్తుంది. మొదటి రోజు లెక్క: కొన్నవాళ్లు 214 మంది, క్రాక్ కాపీ ఆడినవాళ్లు 3,104 మంది. పైరసీ ఎలా ఆపాలి అని ఆ క్రాక్ కాపీ ఆడుతున్నవాళ్లే ఫోరమ్‌లలో అడిగారు, నవ్వొస్తుంది. కానీ ఆ మూడువేల మంది తలుపు మూసేస్తే డబ్బిచ్చి వచ్చేవాళ్లని అనుకోవడం మాత్రం పిచ్చి లెక్క.

ఇప్పుడు తాళం ఖర్చు దగ్గరికి వద్దాం. పబ్లిషర్ డెనువోకి కట్టే ఫీజు కాదు, కొన్నవాడు మోసే ఖర్చు.

పాత తాళాలది మరీ ఘోరం. 2008లో 'స్పోర్' గేమ్ సెక్యూరామ్ అనే తాళంతో వచ్చింది, మూడుసార్లకు మించి ఇన్‌స్టాల్ చేయడానికి లేదన్నారు. గేమ్ అధికారికంగా రాకముందే టొరెంట్లలో దొరికింది. ఆ ఏడాది అత్యధికంగా పైరసీ అయిన గేమ్ అదే, 17 లక్షల డౌన్‌లోడ్లని పైరసీ వార్తల సైట్ టొరెంట్‌ఫ్రీక్ లెక్క. డబ్బు కట్టినవాడికి మూడు అవకాశాలు, కట్టనివాడికి ఎన్నైనా! ఆ తరం డిస్కుల్లో చాలా వాటికి ఇంకో గతి పట్టింది. సెక్యూరామ్, సేఫ్‌డిస్క్ తాళాలు భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 వాటికి మద్దతు ఆపేసింది. అసలు డిస్కు చేతిలో ఉండి కూడా గేమ్ ఆడటానికి నెట్‌లో క్రాక్ వెతుక్కోవాల్సిన స్థితి.

డెనువో ఇంతకంటే మెరుగే. అయినా 2021 మే నెలలో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ విలేజ్' కథ పబ్లిషర్లు మర్చిపోకూడనిది. శత్రువులపై కాల్పులు జరిపే చోట్ల పీసీలో గేమ్ ఆగి ఆగి నడుస్తోందని కొన్నవాళ్లు మొత్తుకున్నారు. రెండు నెలలకు క్రాక్ వచ్చింది, అందులో ఆ కుదుపులు లేవు. గేముల పనితీరు కొలిచే డిజిటల్ ఫౌండ్రీ పరీక్షించి అది నిజమేనని చెప్పాకే, గేమ్ తయారుచేసిన క్యాప్‌కామ్ ప్యాచ్ ఇచ్చింది. పూర్తి తప్పు డెనువోది కాదు, దానితోపాటు క్యాప్‌కామ్ వేసిన సొంత రక్షణ కూడా ఉంది. కొన్నవాడికి ఆ తేడాతో పనేముంది? దొంగ కాపీ అసలు కంటే బాగా నడిచింది.

అదే ఏడాది నవంబరులో ఇంకా చిన్న కారణంతో పెద్ద చిక్కొచ్చింది. డెనువో వాడే ఒక ఇంటర్నెట్ డొమైన్ గడువు తీరిపోతే, టూంబ్ రైడర్, టోటల్ వార్ సిరీస్‌ల గేములు కొన్ని కొన్నవాళ్లకు కొన్ని గంటలపాటు తెరుచుకోలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు వచ్చాయి. వాటిలోని రెండు రకాల కోర్లను కొన్ని గేముల రక్షణ రెండు వేర్వేరు కంప్యూటర్లని పొరబడి గేమునే ఆపేసింది. డబ్బు పెట్టి కొత్త కంప్యూటర్ కొనుక్కున్నవాడు దొంగలా కనిపించాడన్నమాట.

ఇవన్నీ పన్నెండు వారాలు దాటాక జరిగినవైతే? టూంబ్ రైడర్ విషయంలో అదే. ఏళ్ల కిందటి గేములు అవి. ఆదాయం కాపాడే దశ ఎప్పుడో అయిపోయింది, ఇబ్బంది మాత్రం మిగిలింది. నా అభ్యంతరం తాళం మీద కాదు, అది ఎప్పటికీ అలాగే వేలాడటం మీద.

కొందరు తీస్తున్నారు, ఒప్పుకోవాలి. 2016లో 'డూమ్' క్రాక్ అయిన కొన్ని నెలలకు డెనువో తీసేశారు. 2017లో 'రైమ్' స్టూడియో ఇంకో అడుగు ముందుకేసి, ఎవరైనా క్రాక్ చేస్తే డెనువో తీసేస్తామని ముందే ప్రకటించింది. ఐదు రోజుల్లో క్రాక్ అయింది, మాట నిలబెట్టుకున్నారు. కానీ తమాషా చూడండి, రెండు చోట్లా తాళం తీయించింది క్రాకర్లే. ఎవరూ క్రాక్ చేయకపోతే కొన్నవాడికి ఆ మేలు జరిగేదా?

తీయకపోగా కొత్తగా వేసినవాళ్లూ ఉన్నారు. 2013లో పీసీకి వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ రెవలేషన్స్'కి 2024 జనవరిలో క్యాప్‌కామ్ ఒక అప్‌డేట్‌తో ఎనిగ్మా అనే రక్షణ తగిలించింది. మోడ్స్ (ఆడేవాళ్లు గేములో సొంతంగా చేసుకునే మార్పులు) పనిచేయడం మానేశాయి, గేమ్ వేగం తగ్గిందన్న ఫిర్యాదులొచ్చాయి, అప్‌డేట్ వెనక్కి తీసుకున్నారు. పదేళ్ల గేముకి కాపాడాల్సిన విడుదల అమ్మకాలేం ఉంటాయి? ఇలాంటి చోట పైరసీ ఒక సాకు. మోడ్స్ మీద, డీఎల్‌సీ (విడిగా అమ్మే అదనపు భాగాలు) అమ్మకాల మీద పట్టు కోసమే ఇదంతా అనిపిస్తుంది. ఆ పట్టు కావాలనుకుంటే ఆ పేరుతోనే అడగొచ్చు కదా.

నేను కోరేది ఇది: పన్నెండు వారాలకు తాళం తీసేయాలి, ఆ తేదీ కొనేవాడికి ముందే చెప్పాలి. తేదీ ముందే ప్రకటిస్తే జనం అప్పటిదాకా కాచుకుంటారన్నది పబ్లిషర్ల భయం. ఇందులో కొంత పస ఉంది. వోల్క్‌మన్ లెక్కలు అనుకోకుండా వచ్చిన క్రాక్‌ల గురించినవి. "ఫలానా రోజున తాళం తీస్తాం" అని చెప్పి తీస్తే ఏమవుతుందో అవి చెప్పవు. కానీ స్టీమ్ సేల్స్ ఏడాదిలో ఎప్పుడెప్పుడు వస్తాయో గేమర్లందరికీ తెలుసు, ఆరు నెలలు ఆగితే ధర తగ్గుతుందనీ తెలుసు. అయినా వుకాంగ్‌ని కోటి మంది మూడు రోజుల్లో కొన్నారు. తగ్గింపు కోసమే ఆగనివాళ్లు క్రాక్ కోసం ఆగుతారా? ఆ భయానికి మర్యాదిచ్చి గడువును పన్నెండు వారాల నుంచి ఆరు నెలలకు పెంచినా నాకు అభ్యంతరం లేదు.

అమలు కూడా కష్టమేం కాదు. డెనువో ఉన్న గేములకు స్టీమ్ పేజీలో ఇప్పటికే ఒక గమనిక కనిపిస్తుంది: ఇందులో డెనువో ఉంది, రోజుకు ఐదు వేర్వేరు పీసీల్లో మాత్రమే యాక్టివేట్ చేసుకోవచ్చు అని. దాని కిందే ఆ తాళం ఏ తేదీన తీస్తారో ఇంకో లైను పెడితే సరిపోతుంది.