యంత్రం నన్ను ఎరగదట

నవంబరు వచ్చిందంటే పింఛనుదారులం బతికే ఉన్నామని రుజువు చూపాలి. నిన్న చిక్కడపల్లిలో బస్సెక్కి బ్యాంకుకు వెళ్లాను. వరుసలో ఎంతసేపు నిలబడ్డానో చెప్పను, మళ్లీ కోపం వస్తుంది.

బొటనవేలు అద్దం మీద పెట్టాను. ఎర్రదీపం. "రికగ్నైజ్ చేయడం లేదు అంకుల్, గట్టిగా నొక్కండి" అన్నాడు కౌంటరు కుర్రాడు. పంచెకు తుడిచి నొక్కాను. ఎర్రదీపం. తడిచేసి నొక్కాను. మళ్లీ అదే. ముప్ఫై నాలుగేళ్లు సుద్దముక్క పట్టిన ఇంగ్లీషు పంతులు వేలు. దాని గీతలు ఏ నల్లబల్ల మీద రాలిపోయాయో!

ఆ 'రికగ్నైజ్' ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. లాటిన్ మూలంలో మళ్లీ తెలుసుకోవడమని అర్థం. తెలుగులో దానికి ఒక్క మాట చాలదు. పెళ్లిలో ఎదురైన మనిషినైతే గుర్తుపడతాం. ప్రైవేటు బడినైతే ప్రభుత్వం గుర్తిస్తుంది. తప్పునైతే ఒప్పుకుంటాం, అదీ భార్య దగ్గర, వేరే దారి లేనప్పుడు. సేవలను గుర్తించారంటే శాలువా కప్పారని అర్థం. తెలుగుకు ప్రాచీన భాషగా 2008లో గుర్తింపు ఇచ్చారు. అన్నేళ్ల భాషను పోల్చుకున్నవారికి అరవై ఎనిమిదేళ్ల నేను ఆనలేదు.

"ఇక్కడ మీరు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు కుర్రాడు.

"నమస్కారం మాస్టారూ! నన్ను గుర్తుపట్టారా?" వెనకనుంచి ఎవరో. చేతిలో హెల్మెట్, నెరిసిన మీసం. ఎవరో తెలిస్తే ఒట్టు.

"ఎందుకు గుర్తుపట్టనోయ్!" అన్నాను.

"ఈయన మా లెక్కల మాస్టారండీ, ఖమ్మంలో. తొడపాశం పెట్టి ఎక్కాలు నేర్పారు."

ఖమ్మంలో నేను ఒక్కరోజు పనిచేయలేదు. లెక్కలంటే నాకే భయం. అయినా నోరు ఊరుకోదు కదా, "పదిహేడో ఎక్కం ఇప్పటికైనా వచ్చిందా?" అన్నాను. అతను వరుస మధ్యలో నిలబడి, చేతులు కట్టుకుని, మొత్తం అప్పజెప్పాడు. పదిహేడు ఎనిమిదులు ఎంతో నాకు తెలియదు కాబట్టి, తల ఊపుతూనే ఉన్నాను.

కుర్రాడు కాగితం చూశాడు. "ఇందులో ఇంగ్లీషు అని ఉంది అంకుల్?"

హెల్మెట్ మనిషి నా ఎడమ చెవి వైపు వంగి చూశాడు. "మా మాస్టారికి ఇక్కడ పుట్టుమచ్చ ఉండాలే..."

వరుసంతా నన్నే చూస్తోంది. కుర్రాడు తీరిగ్గా ఫోను తీసి నా ముఖానికి ఎదురుగా పట్టి "కళ్లార్పండి" అన్నాడు. ఆర్పాను. పచ్చదీపం. ముఖం చూపించే ఈ పద్ధతి 2021 నుంచే ఉందట. ఆ ముక్క మొదటే చెప్పవచ్చు కదా!

బయట ఇరానీ చాయ్ నేనే ఇప్పించాను. రెండు గుటకలు తాగి, హెల్మెట్ మనిషి నన్నే నిలదీశాడు: "అయితే మా మాస్టారు ఎక్కడున్నారండీ?"