పేరు ఊహ కావచ్చు, ఇంజనుకు మాత్రం కారణం ఉండాలి

"మాది ఫ్రీలాన్స్ లేఅవుట్, ఏ ఇంజనుకు ఏం తగిలించినా అడిగేవాళ్లు లేరు." మోడల్ రైళ్లు చేసేవాళ్ల నోట ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఫ్రీలాన్స్ లేఅవుట్ అంటే ఏ నిజమైన రైల్వేనూ అనుకరించకుండా ఊహతో కట్టుకున్న మోడల్ రైలు మార్గం. కంపెనీ పేరు, రంగులు, చివరికి నగరాన్ని కూడా కల్పించుకోండి, కాదనను. కానీ అమెరికా నగరాల్లో పెట్టెలను అటూ ఇటూ జరిపే షంటింగ్ ఇంజన్లకు ఆ రూపం ఎవరి సరదా కోసమో రాలేదు. పొగ మీద చట్టాలు, కార్మిక ఒప్పందాలు, గోదాముల మధ్య ఇరుకు మలుపులు కలిసి తెచ్చిన రూపం అది. వాటిని పట్టించుకోకుండా ఇంజనుకు మార్పులు చేయడమంటే బొమ్మకు నగలు పెట్టడమే.

న్యూయార్క్ సంగతే తీసుకోండి. ఆవిరి ఇంజన్ల పొగ పోవాలంటే నగరంలో రైళ్లను విద్యుదీకరించాలని 1923 నాటి కాఫ్‌మన్ చట్టం పట్టుబట్టింది. ఆ ఒత్తిడిలోంచే 1925లో సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ వారి 1000 నంబరు డీజిల్ ఇంజను బ్రాంక్స్‌లో పనికి దిగింది. దాని శక్తి 300 హార్స్‌పవర్ మాత్రమే. ఇక జనరల్ ఎలక్ట్రిక్ వారి 44 టన్నుల ఇంజను. ఆ బరువు ఎందుకో తెలుసా? 90,000 పౌండ్లు, ఆపైన తూగే ఇంజనులో డ్రైవరుతో పాటు ఫైర్‌మన్ అనే సహాయకుడు తప్పనిసరని 1937లో ఒప్పందం కుదిరింది. 44 టన్నులంటే 88,000 పౌండ్లు. ఆ ఇంజను మీ లేఅవుట్‌లో కనిపించిందంటే, మీ కంపెనీ ఒక మనిషి జీతం మిగుల్చుకోవాలనుకుంటోందని అర్థం.

ఇప్పుడు డిచ్ లైట్లు. ముందు భాగంలో కిందుగా రెండు దీపాలు మెరిస్తే అందంగా ఉంటుందని ప్రతి ఇంజనుకూ పెట్టేస్తున్నారు. అమెరికాలో రోడ్డు క్రాసింగుల మీద గంటకు 20 మైళ్లకు మించి వెళ్లే ఇంజన్లకే 1997 చివరి నుంచి అదనపు దీపాలు తప్పనిసరి చేశారు. వీధి మధ్యలో పాకుతూ వెళ్లే మీ షంటింగ్ ఇంజనుకు అవి ఎందుకు? అదే 1950ల నగరమైతే ముందూ వెనకా ఫుట్‌బోర్డులు ఉండి తీరాలి. పనివాళ్లు నిలబడేది వాటి మీదే. ఎక్కువమంది వాటినే మరిచిపోతారు.

ఆల్కో కంపెనీ షంటింగ్ ఇంజను ఎస్-2 మోడల్ కొని ఎస్-1 అని రాసేవాళ్లూ ఉన్నారు. ఎస్-2కు టర్బోచార్జర్ (ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) ఉంది, 1000 హార్స్‌పవర్ వస్తుంది. అందుకే దాని పొగగొట్టం లావు, రేడియేటర్ పెద్దది. 660 హార్స్‌పవర్ ఎస్-1కు రెండూ చిన్నవి. అంకె మార్చే ముందు గొట్టం మార్చండి.

నిజంగా ఏదైనా కోసి అతకాలన్న కోరిక ఉంటే స్లగ్ చేయండి. డీజిల్ ఇంజను నెమ్మదిగా కదిలేటప్పుడు దాని జనరేటర్ ఇవ్వగల కరెంటు మొత్తాన్ని సొంత మోటార్లు వాడుకోలేవు. ఆ మిగులు కరెంటుతో నడిచే, చక్రాలూ మోటార్లూ బరువూ తప్ప సొంత ఇంజను లేని బండే స్లగ్. పాత ఎస్‌డబ్ల్యూ రకం షంటింగ్ ఇంజను మోడల్ తీసుకుని, డ్రైవరు ఉండే క్యాబ్ కోసేయండి, ఇంజను మీది హుడ్ ఎత్తు తగ్గించండి, లోపల సీసం నింపండి, స్లగ్‌కూ ఇంజనుకూ మధ్య లావు తీగలు వేలాడదీయండి. ఇది చూపుకే కాదు, పనికీ వస్తుంది. చిన్న ఇంజన్లు పట్టాల మార్పిడి దగ్గర కరెంటు అందక ఆగిపోతుంటాయి కదా, స్లగ్ చక్రాల నుంచి కూడా కరెంటు తీసుకునేలా రెండింటినీ తీగతో కలిపేస్తే ఆ బెడద చాలావరకు పోతుంది.