బానెట్ ముందరి పోరంబోకు

కరెంటు కారు కొన్నవాడికి తెలిసినవాళ్ళు చెప్పే మొదటి నీతి ఇది: ముందు బండికి దూరంగా ఉండు, ఎర్రలైటు కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. అప్పుడు మోటారే జనరేటరవుతుంది. బ్రేకుల దగ్గర వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. శాస్త్రంలో తప్పేమీ లేదు. కాకపోతే అది చెప్పినవాడు సాయంత్రం పూట హైదరాబాదు అమీర్‌పేట చూసి ఉండడు.

మన ఊళ్ళో కారు ముందు వదిలిన ఖాళీ సర్కారీ పోరంబోకు. ముందు ఒక యాక్టివా వచ్చి గుడిసె వేస్తుంది. దాన్ని ఆనుకుని ఆటో పునాది తీస్తుంది. పోనీలే అని ఇంకాస్త తగ్గితే, ఆ మిగిలిన జాగాలో వాటర్ ట్యాంకర్ నీళ్ళు చల్లుకుంటూ గృహప్రవేశం చేసేస్తుంది. చెరువుల కబ్జాలు కూల్చడానికి 2024లో హైడ్రా అనే సర్కారీ సంస్థ వచ్చింది. నా బానెట్ ముందరి ఎఫ్‌టీఎల్‌ను (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దును అలా అంటారు) పట్టించుకునే నాథుడు లేడు. అదే ఏడాది నవంబరులో కరెంటు బళ్ళకు రోడ్డు టాక్స్ మాఫీ చేశారు కదా, టాక్స్ కట్టనివాడికి రోడ్డెందుకని జనం తీర్మానించినట్టున్నారు.

ఇక వెనకవాడు. ఎదురుగా ఎర్రలైటు వెలుగుతోంది. అయినా ఆ లైటు దగ్గరికి నాకంటే ముందు వెళ్ళి నిలబడాలి. హారన్ మీది చెయ్యి తీస్తే పాపం.

మొన్న ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర ఒక ముసలామె సంచితో రోడ్డు దాటుతోంది. నేను కాలు తీశాను, కారు నెమ్మదించింది. వెనకాయన మోత మోగించి, ఎడమ పక్కనుంచి దూసుకెళ్ళాడు. ఆమె బెదిరి వెనక్కి తూలింది. సంచి పడింది, టమాటాలు టైర్ల కింద పడ్డాయి. టమాటాల బదులు ఆమే పడుంటే? ఎక్కడ తగలబడిపోతోందయ్యా నీ కొంప? చారెడు పెట్రోలు మండించి, బ్రేకులు అరగదీసి, ఒక మనిషి ప్రాణంతో ఆడుకుని నువ్వు చేరిందెక్కడికి? ఈఎస్ఐ సిగ్నల్‌కి!

అక్కడ నా పక్కనే ఆగి ఉన్నాడు. అద్దం దించాడు. తిడతాడేమో, తిరిగి నాలుగు తిడదామని సిద్ధమయ్యాను.

"అన్నా, ఫుల్ ఛార్జింగ్ చేస్తే ఎంతిస్తది?"

ఊళ్ళో మెల్లగా తోలితే బాగానే ఇస్తుందనీ, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 120లో పోతే గాలి అడ్డుపడి తగ్గిపోతుందనీ మొదలుపెట్టాను.

"మెల్లగనా?" అన్నాడు జాలిగా. పచ్చలైటు ఇంకా పడలేదు, వెళ్ళిపోయాడు.