దండలో దారం కనిపిస్తోందంటే

బజారులో డబ్బు ఆడటం లేదని తెలుసుకోవడానికి నాకు పేపరు అక్కర్లేదు. గుడి ముందు వేలాడే దండ చూస్తే చాలు. మంచి రోజుల్లో చామంతి దండలో పువ్వును ఆనుకుని పువ్వు ఉంటుంది. రోజులు బాగాలేనప్పుడు రెండు పువ్వుల మధ్య తెల్లటి దారం తొంగిచూస్తుంది. మూర ధర మారదు, మూర కొలిచే చెయ్యీ మారదు, పూలే దూరం జరుగుతాయి. ఈ మధ్య మళ్లీ దారం కనిపిస్తోంది.

మాది చేవెళ్ల దగ్గర ఒక ఊరు. అర ఎకరం పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ పైకప్పు వేసిన తోటలో, మండపాల అలంకరణకు వాడే జెర్బెరా పూలు, బయట ఎకరంన్నరలో చామంతి, బంతి. పూలన్నీ హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకే వెళతాయి. బజారు కాస్త చల్లబడగానే ఎక్కడెక్కడి వాళ్లో సలహాలు మొదలుపెడతారు. గిరాకీ లేనప్పుడు ఉత్పత్తి తగ్గించుకోవాలట, కూలీలను తగ్గించుకోవాలట. వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఉత్పత్తి తగ్గించడానికి ఇదేమన్నా మిల్లా, మీట నొక్కి ఆపడానికి? జెర్బెరాకు మాంద్యం సంగతి తెలియదు. దాన్ని కత్తితో కోయరు. మధ్యలో కన్ను చుట్టూ రెండు మూడు వరుసలు విచ్చుకున్నాక, కాడను అడుగున పట్టుకుని కాస్త పక్కకు వంచి లాగుతారు. అమ్ముడుపోవని అలాగే వదిలేస్తే పువ్వు దుబ్బు మీదే ముదిరి వాడుతుంది, తామర పురుగు చేరుతుంది, తర్వాత వచ్చే మొగ్గ చిన్నదవుతుంది. అంటే పారబోయాల్సిన పువ్వును కూడా కూలి ఇచ్చి మరీ తీయించాలి. నీళ్లు ఆపలేం, డ్రిప్పులో ఎరువులూ ఆపలేం. ఆపితే మూడేళ్లు పూయాల్సిన తోట మూడు వారాల్లో చేయి జారిపోతుంది.

2020లో ఇదంతా కళ్లారా చూశాను. మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25న ఉగాది, ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలు. ఉగాదికని చూసుకుని పెట్టిన బంతి అంతా విరగబూసి ఉంది. వారం తిరగ్గానే శ్రీరామనవమి, ఆ వెనకే పెళ్లిళ్లు. ఒక్కటీ దక్కలేదు. పొద్దున్నే జెర్బెరా తీసి, బకెట్లలో పెట్టకుండా నేరుగా పెంటగుంటలో పోశాం. గులాబీ, పసుపు, నారింజ, తెలుపు. ఆ గుంట అంత అందంగా ఎప్పుడూ లేదు. ఆ మార్చిలోనే నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ పూల వేలంలోనూ లక్షల కొద్దీ పూలు చెత్తలోకి పోయాయి. పూల వ్యాపారంలో ప్రపంచంలోనే పెద్దవాళ్లకు దిక్కులేకపోతే చేవెళ్ల వాడెంత అనుకుని ఊరుకున్నాను. బ్యాంకు వాయిదాలు ఆగస్టు దాకా ఆపుకోవచ్చన్నారు. ఆపుకున్నాం. వడ్డీ మాత్రం ఆగలేదు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. అంతకుముందు నా ధైర్యమంతా డెకరేషన్ వాళ్ల మీదే. ఒక్క పెళ్లికి వందల కట్టలు పట్టుకుపోయేవారు. అరువే, అయినా పెద్ద మొత్తం కదా అనుకునేవాణ్ణి. బజారు పడగానే మొదట ఫోను ఎత్తడం మానేసింది వాళ్లే. మూడు పెళ్లిళ్ల బాకీ ఇప్పటికీ నా నోటు పుస్తకంలోనే ఉంది. ఆంక్షలు కొంచెం సడలగానే తోట గేటు దగ్గరకు మొదట వచ్చింది ఎవరనుకున్నారు? గుడి దగ్గర మూర పూలు అమ్మే ముసలమ్మ. మనవడి బండి మీద వచ్చి ఐదు కిలోల బంతి తీసుకుని, కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది.

చేతిలో డబ్బు తగ్గినప్పుడు మనుషులు ముందు కోసేసేది మండపాన్ని. దేవుడి పటానికి పువ్వు పెట్టడం మాత్రం మానరు, కాస్త తగ్గిస్తారంతే. అందుకే ఆ తర్వాత సగం జెర్బెరా పీకేశాను. బంతి నారు ఒకేసారి పోయకుండా ఇరవై రోజులకొకసారి పోస్తున్నాను. 2024లో మే, జూన్ నెలల్లో మూఢం వచ్చి ముహూర్తాలే లేకుండా పోయినప్పుడు మా చుట్టుపక్కల పాలీహౌస్‌లు విలవిల్లాడాయి. మాకు ఇల్లు గడిచింది. అబద్ధమెందుకు, పెళ్లిళ్లు జోరుగా ఉన్న ఏడాది పక్క రైతుకు నాకంటే బాగా మిగులుతుంది. ఆ సంగతి మా ఆవిడ మరచిపోకుండా గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఇక కూలీలను తగ్గించాలన్న సలహా. మా తోటలో నలుగురు ఆడవాళ్లు పని చేస్తారు. 2020లో రోజంతా పని ఇవ్వలేక పూటపని పెట్టాను కానీ ఎవరినీ పొమ్మనలేదు. ఇందులో నా మంచితనం ఏమీ లేదు. దుబ్బు కదలకుండా కాడ లాగడం చేతికి రావడానికి నెలలు పడుతుంది. పక్క తోటలో పాతవాళ్లను పంపేసి, దసరాకు బజారు తేరుకోగానే కొత్తవాళ్లను పెట్టుకున్నారు. బతుకమ్మ రోజుల్లో ధర పలుకుతుంటే వాళ్ల దుబ్బులు వేళ్లతో సహా పైకి వచ్చాయి.

నాకు ఒళ్లు మండేది మాత్రం మాంద్యం మీద కాదు, ప్లాస్టిక్ పూల మీద. కష్టకాలంలో ఖర్చు కలిసొస్తుందని తెచ్చిన ఆ పూలు కష్టకాలం పోయాక కూడా పోవు, గోదాములో దుమ్ము దులిపి మళ్లీ మండపం ఎక్కుతాయి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటి మీద దేశమంతా నిషేధం పెట్టారు. అలంకరణకు వాడే థర్మాకోల్ ఆ జాబితాలో ఉంది, చెవి శుభ్రం చేసుకునే ప్లాస్టిక్ పుల్ల కూడా ఉంది. ప్లాస్టిక్ పువ్వు లేదు. ఇప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా అక్షింతలు వేసే నెపంతో మండపం పువ్వును ఒకసారి గిల్లి చూస్తాను. గోటికి తడి తగలకపోతే భోజనం సహించదు.

మొన్న ముసలమ్మ మళ్లీ వచ్చింది. ఆమె బుట్టలో ముందురోజు మిగిలిన దండ ఉంది, సగం పూలు, సగం దారం. "ఇదేమిటమ్మా, పూలు గుచ్చావా, దారం అమ్ముతున్నావా?" అన్నాను.

"నువ్వు కిలోకు పది తగ్గించు బిడ్డా, నేను దారం దాచేస్తాను" అంది.

ఐదు తగ్గించాను.