తెల్లారగట్ట మూడు సెకన్ల మోతగారికి

మహారాజశ్రీ మా పికప్ బండి ఇంజన్ మోతగారికి, మదనపల్లె నుంచి టమోటాలు తోలుకునే విధేయుడు రాసుకున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం తమరే రోజూ తెల్లవారుజామున నాలుగింటికి వీధి వీధంతా వినేలా తెలియజేస్తూ వచ్చారు కాబట్టి వేరే అడగనక్కర్లేదు.

డిసెంబరు చలిలో ఇంజన్‌ని ముందుగా వేడిచేసే హీటర్ లైటు ఆరేదాకా ఓపిగ్గా కూర్చుని, సెల్ఫ్ కొట్టి, ఇంజన్ అందుకుందో లేదో, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గడగడమని దయచేసేవారు. ఒకటి, రెండు, మూడు అనేసరికి మాయం. ఆ తర్వాత బండి ఏ పాపమూ ఎరగనట్టు మార్కెట్ యార్డు దాకా నడిచేది. తమరి గొంతు వినలేక నేను యాక్సిలరేటర్ తొక్కి ఇంకా పెద్ద చప్పుడు చేసేవాణ్ణి. పిల్లాడు ఏడుస్తుంటే పళ్ళెం మోగించినట్టు.

తమరిలో మెచ్చుకోవలసిన గుణం, మెకానిక్ అంటే ఉన్న భయభక్తులు. తనిఖీ రోజు మాత్రమే వేళకి వచ్చి బుద్ధిగా కూర్చునే ఉద్యోగి లాగా, షెడ్డు గేటు దాటగానే ఇంజన్ సద్దుమణిగేది. "ఏదప్పా మోత?" అని ఆయన అడిగితే, నేనే నోటితో గడగడమని చేసి చూపించాల్సి వచ్చేది. నా గడగడ విని మొదటాయన టాపెట్లు, అంటే ఇంజన్ వాల్వులను తోసే ముక్కలు, అన్నాడు. పై మూత విప్పి, సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజి, పెట్టి సందులు సరిచేసి, డబ్బు తీసుకున్నాడు. మర్నాడు నాలుగింటికి తమరు హాజరు. రెండో ఆయన దగ్గరికి పోయిన రోజు నాకు జలుబు. గడగడ కాస్తా కీచుమని వచ్చింది. ఆయన ఫ్యాన్ బెల్టు అన్నాడు. తిరుగుతున్న బెల్టు మీద నాలుగు నీళ్ళ చుక్కలు చల్లి చూశాడు. అక్కడ ఆగడానికి కీచే లేదు. అయినా బెల్టు మార్చాడు. మూడో ఆయన సెల్ఫ్ మోటారు దింపి, ఇంజన్‌ని పట్టి తిప్పే దాని పళ్ళ చక్రం, బెండిక్స్, కొత్తది వేశాడు. బెండిక్స్ పోతే ఇనుము ఇనుమును కొరికినట్టు ఉంటుందని, ఆ చప్పుడు సెల్ఫ్ కొట్టేటప్పుడే వస్తుందని, ఇంజన్ అందుకున్నాక వచ్చే తమరికీ దానికీ చుట్టరికం లేదని బిల్లు కట్టాక తెలిసింది.

మధ్యలో మా బావమరిది. వాడికి లైసెన్సు కూడా లేదు, సలహా మాత్రం ఉంది. "మందం ఆయిల్ పొయ్యి బావా, మోత అణిగిపోతుంది" అన్నాడు. 15డబ్ల్యు40 గ్రేడు ఆయిల్ ఉండాల్సిన చోట 20డబ్ల్యు50 పోశాను. ఆ డబ్ల్యు ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుందట. నేను అంకె పెంచి, పారేదాన్ని పాకేలా చేశాను. తమరు సంతోషించి మూడు సెకన్ల కచేరీని ఐదుకి పెంచారు.

చివరికి బైపాస్ దగ్గర ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. ఆయన నన్ను నోరు తెరవనివ్వలేదు. "నువ్వు నడిపి తెచ్చావంటే ఇంజన్ వేడెక్కి ఉంటుంది, అదేం పలుకుతుంది? రాత్రికి బండి ఇక్కడే పెట్టు. తాళం నాకియ్యి" అన్నాడు. అంతమంది చూసిన బండిని చల్లగా ఉండగా చూడాలని తోచింది ఈయనొక్కడికే. తెల్లారగట్ట పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. "డ్యాష్ మీద ఆయిల్ లైటు ఎప్పుడు ఆరింది?" అన్నాడు. చూశాను. తమరూ ఆ ఎర్ర లైటూ ఒక్కసారే సెలవు తీసుకున్నారు. ఆయిల్ ప్రెషర్ అందాకే ఆరే ఆ లైటు రెండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది.

ఆయిల్ ఫిల్టరు లోపల రబ్బరు మూత ఒకటి ఉంటుంది. బండి ఆపాక ఫిల్టరులోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచడం దాని ఉద్యోగం. మా దాంట్లో ఆ రబ్బరు బిరుసెక్కి, రాత్రంతా ఆయిల్‌ని ఇంజన్ అడుగునుండే చాంబర్‌లోకి దిగవిడిచింది. పొద్దున్నే పంపు ఖాళీ ఫిల్టరు నింపి ఆయిల్‌ని పైకి తోసేదాకా ఇంజన్ లోపలి టైమింగ్ చైనుని బిగించి పట్టే టెన్షనరుకి ప్రెషర్ అందదు. వదులుగా ఉన్న చైను కొట్టుకుంటుంది. అదీ తమరి జన్మరహస్యం. ఇక ఆ పొడి ఇంజన్‌నే నేను రోజూ యాక్సిలరేటర్ తొక్కి పరిగెత్తించాను. మేస్త్రీ దీనికి వాడిన మాట ఇక్కడ రాయను.

మంచి ఫిల్టరు వేసి, సరైన గ్రేడు ఆయిల్ పోసి, ఇంకో రాత్రి బండి ఉంచుకున్నాడు. "అప్పటికీ మోత ఉంటే చైను విప్పుదాం. ముందే విప్పితే నాకు లాభం, నీకు నష్టం" అన్నాడు. విప్పే పని పడలేదు.

పాత ఫిల్టరు నా చేతిలో పెట్టి, ఎక్కడ కొన్నావని అడిగాడు. ఏదో పేరు లేని డబ్బా, 150 రూపాయలు కలిసొస్తుందని కొన్నాను. టాపెట్లకీ, బెల్టుకీ, బెండిక్స్‌కీ ఎంతైందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అంటే తమరిని పీట వేసి కూర్చోబెట్టిన గృహస్థుణ్ణి నేనే.

తమరు వెళ్ళి పదిరోజులైంది. బండి ఎప్పుడు బయల్దేరుతోందో ఇంట్లోవాళ్ళకే తెలియడం లేదు. నిన్న సాయంత్రం ఎదురింటి పెద్దాయన నన్ను గేటు దగ్గర ఆపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఫైనాన్సోళ్ళు బండి తీసుకుపోయినారా నాయనా?"

చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంకా పదకొండు కంతులు కట్టాల్సిన మీ పాత యజమాని